నిలబడి రాసిన కథ

ఆదోనిలో నేను పనిచేసిన అంగడికి మూడు అంతస్తులు. తెరిచిన కొత్తలో ఆస్పరి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ఆటోలు మాట్లాడుకొని వచ్చి, కదిలే మెట్లెక్కి, దిగి, ఏమీ కొనకుండా వెళ్లిపోయేవారు. ఒక పెద్దాయన గుడికి వచ్చినట్టు చెప్పులు కింద విడిచి మెట్లెక్కాడు. పైకి చేరాక, దిగే మెట్లు ఇంకో వైపు ఉన్నాయని తెలియక, "పాపా, నా సెప్పులుండే తావుకు దావ యాది?" అని నన్నడిగాడు. కిందికి తీసుకుపోయి చూపించాను. ఐదు నిమిషాలు నా చోటు వదిలిపెట్టానని మేనేజరు ఆరోజే నాకు మొదటి హెచ్చరిక చేశాడు. నేను పనిలో చేరి అప్పటికి తొమ్మిది రోజులు.

మాది దూదేకుల ఇల్లు. నాయన పరుపులు కుట్టేవాడు. అమ్మ పరుపులకూ దిండ్లకూ గలీబులు కుట్టేది. డిగ్రీ అయ్యాక నేనూ రెండేళ్లు అదే పని చేశాను. ఫోం పరుపులు వచ్చాక నాయనను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అందుకే ఆ అంగట్లో చేరతానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. చేరిన నెలలోపే ఒకరోజు నాయన చూడ్డానికి వచ్చాడు. మూడో అంతస్తులో పరిచి ఉంచిన ఫోం పరుపును అరచేత్తో నాలుగు చోట్ల నొక్కి చూశాడు. ఏమంటాడోనని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"బాగుండాది," అన్నాడు. "బాగలేదని అబద్దం యాల సెప్పల్ల? మూడేండ్లకోసారి ఇప్పి దూది ఏకే పని ల్యా."

మా నాయన గురించి ఇంకెవరైనా రాసి ఉంటే ఆ పరుపు ముందు ఆయన చేత కన్నీళ్లు పెట్టించేవాళ్లు. ఆయన పెట్టలేదు. అంత పెద్ద అంగట్లో టీ దొరకదేమని విసుక్కొని, రోడ్డు అవతలికి పోయి తాగి, ఇంటికి వెళ్లిపోయాడు.

అమ్మ ఇంకో నెలకు వచ్చింది. అంతకుముందు అమ్మ చీర కొనడమంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన తంతే. పాత బజారులో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అంగడాయన కూర్చొని ఉంటాడు. ఆ పరుపు కుట్టింది మా నాయనే. గడప దగ్గర నిలబడ్డ మనిషిని కిందా మీదా చూసి, ఏ అరలోంచి చీర తీయాలో ఆయనే తేల్చుకుంటాడు. అమ్మ వేలు పెట్టి చూపిన చీర ఏనాడూ కిందికి దిగలేదు. "అది నీకు కాదులేమ్మా" అనేవాడు. మర్యాదగానే అనేవాడు.

మా అంగట్లో చీరలు రెండో అంతస్తులో హ్యాంగర్లకు వేలాడుతుండేవి. నా విభాగం అదే. అమ్మ కాసేపు వాటి పక్కన ఊరికే నడిచింది. తర్వాత ఒక పట్టుచీరను తనంతట తానే దించి, భుజాన వేసుకొని అద్దం ముందు నిలబడింది. దాన్ని పెట్టేసి ఇంకోటి తీసింది.

"ఏం కొంటావుమా?" అన్నాను, మేనేజరు వస్తాడేమోనని అటూ ఇటూ చూస్తూ.

"ఏం కొనను. సూస్తాండా. ఎవురన్నా ఏమన్నా అంటారా?"

"అనరు."

"అయితే ఉండు, ఆ మూలనుండేది గూడా సూస్తా."

అరగంట చూసింది. చివరికి నాయనకు ఒక తువ్వాలు తీసుకుంది. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయేసరికి పక్కింటామెతో చెబుతోంది: "నాకు నచ్చింది నేనే కిందికి దించుకున్న్యా. ఎవుర్నీ అడగలా."

ఆ అంగడి మీద నాకు కోపం ఎంత ఉందో ఇష్టమూ అంతే ఉందని చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను. కోపం నిలబడ్డం గురించి.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా మేం నిలబడాలి. మధ్యలో అన్నానికి అరగంట. అంగడంతా వెతికినా పనివాళ్లు కూర్చోవడానికి ఒక్క స్టూలు లేదు. కొనేవాళ్లు ఎప్పుడు వచ్చినా మేం నిలబడే కనిపించాలన్నది మేనేజరు చెప్పిన మొదటి నియమం. ఎవరూ రాని మధ్యాహ్నాల్లో కూడా అంతే. పైన కెమెరాలు. అందుకని మేమొక ఉపాయం కనిపెట్టాం. చీరకు పెట్టే గుండుసూది కింద పడిందని చెప్పి, వెతికే నెపంతో గొంతుక్కూర్చునేవాళ్లం. పడని సూదుల కోసం రోజుకు ఎన్నిసార్లు వెతికామో లెక్క లేదు. రెండు నిమిషాలు కూర్చుంటే చాలు, మళ్లీ గంట నిలబడే ఓపిక వచ్చేది.

నాతోపాటు చీరల దగ్గర పనిచేసే అమ్మాయి ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లది నేతగాళ్ల ఇల్లు. భర్త మగ్గం నేస్తాడు. ఆమె చీర అంచును రెండు వేళ్ల మధ్య రుద్ది అది నిజం పట్టో కాదో చెప్పేది. కొనేవాళ్లు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. నన్ను అక్కా అని పిలిచేది.

ఆమెకు ఆరో నెల. ఒకరోజు మధ్యాహ్నం, బట్టలు వేసుకొని చూసుకునే గదిలోకి పోయి ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. లోపల కెమెరా లేదు. కానీ లోపలికి పోయిన మనిషి పది నిమిషాలు బయటికి రాలేదని బయటి కెమెరా చెప్పింది. మేనేజరు ఆమెను తిట్టలేదు. మూడు రోజులు ముఖద్వారం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ చేతులు జోడించి నమస్కారం పెట్టమన్నాడు.

మూడో రోజు రాత్రి ఆమె కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకొని వట్టి కాళ్లతో బస్టాండు దాకా నడిచింది. నేను వెంట వెళ్లాను. బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమె అడిగింది.

"అక్కా, నువ్వు కథల పుస్తకాలు సదువుతావు గదా. మా మాదిరి అంగట్లో నిలబడేటోళ్ల కథ యాడన్నా రాసినారా?"

"సూసి సెప్తా," అన్నాను.

తర్వాతి సెలవు రోజున గ్రంథాలయానికి పోయి వెతికాను. ఆ తర్వాత నెల రోజులు, సెలవు దొరికినప్పుడల్లా వెతికాను. పెద్ద అంగళ్ల గురించి కథలు లేకపోలేదు. చాలా ఉన్నాయి. అన్నీ ఒకటే కథ. పక్కింట్లో కొత్త వస్తువు చూసి భార్యకు ఆశ పుడుతుంది. భర్తను పోరుతుంది. అద్దాల అంగడికి లాక్కుపోతుంది. ఇల్లు వస్తువులతో నిండి మనశ్శాంతి పోతుంది. చివరి పేజీలో ఆమెకు బుద్ధి వస్తుంది. కొనేది ఎప్పుడూ ఆడదే, బుద్ధి చెప్పేది ఎప్పుడూ మగవాడే. అన్ని కథల్లోనూ ఆమెకు వస్తువు చూపించే అమ్మాయి మాత్రం ఒకే వాక్యంలో వచ్చి పోతుంది. రంగు పూసుకున్న నవ్వు, బొమ్మలా నిలబడటం. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కాళ్లు మండేవి. ఆ బొమ్మ పొద్దున్నుంచి ఎన్ని గంటలుగా నిలబడి ఉందో ఆ రాసినాయన ఒక్కసారైనా అనుకున్నాడా?

ఎమ్మిగనూరు అమ్మాయికి నేనిచ్చిన జవాబు: "యాడా లేదు. నేనే రాస్తా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. "రాయి. కానీ నన్ను ఏడిపియ్యాకు," అంది.

చొక్కాల పెట్టెల్లో బిగువు కోసం పెట్టే అట్టలుంటాయి. చొక్కా అమ్ముడుపోయాక వాటిని పారేస్తారు. కింది అంతస్తులో వాటిని ఏరుకొని, చీరల అర వెనుక నిలబడి వాటి మీద రాశాను. మేనేజరు వస్తే అది సరుకు లెక్క అనుకునేవాడు. నెల పట్టింది. కథలో నేతగాళ్ల ఇంటి అమ్మాయి ఒకతె ఉంటుంది. ఆమెకు తను పనిచేసే అంగడి ఇష్టం. దాని వెలుతురు ఇష్టం. అందులోకి ఎవరైనా రావచ్చన్నది ఇష్టం. ఆ అంగట్లో తనకొక స్టూలు కావాలంటుంది. ఇవ్వరు. మరునాడు పొద్దున ఇంటి నుంచి తన స్టూలు తానే తెచ్చుకొని లోపలికి నడుస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. అంగడికి పేరు పెట్టలేదు. ఊరికీ పెట్టలేదు.

ఒక వారపత్రిక ఆ కథ వేసింది. అది చదివి ఎమ్మిగనూరులో ఒక చిన్న సాహిత్య సంఘం వాళ్లు ఫోన్ చేసి, తమ నెలవారీ సభలో చదవమన్నారు. సెలవు పెట్టి వెళ్లాను. ఒక బడి గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు. అప్పటికి ఎమ్మిగనూరు అమ్మాయి పని మానేసి ఇంటి దగ్గరే ఉంది, నిండు నెలలు. గోడకు ఆనుకొని వెనుక బెంచీలో కూర్చుంది.

కథ చదివాక అధ్యక్షులు మాట్లాడారు. ఆయన రిటైరైన లెక్చరరు, నాలుగు పుస్తకాలు రాసిన మనిషి. వాక్యం బాగుందన్నారు. తర్వాత ఇలా అన్నారు.

"కానీ అమ్మా, మీ కథకు దృక్పథం లేదు. ఈ అంగళ్లు మన ఊళ్ల మీద పడి ఆడవాళ్లలో వస్తువ్యామోహం పెంచుతున్నాయి. మీ నాయిక ఆ అంగడిని ప్రేమిస్తోంది. రచయిత్రిగా మీరు దాన్ని ఖండించాలి. చివర్లో ఆమె ఆ ఉద్యోగాన్ని కాలదన్ని, తన కులవృత్తికి, ఆ మగ్గానికి తిరిగి వెళ్లినట్టు రాయండి. కథ ఎక్కడికో పోతుంది."

అందరూ తలలు ఊపారు. నేను అంతకుముందు ఏ సభలోనూ మాట్లాడలేదు. అయినా లేచాను.

"సార్, మా అమ్మకు యాభై ఏండ్లు. పాత అంగట్లో ఆమె అడిగిన సీర ఆమెకు సూపియ్యలేదు. ఈ అంగట్లో ఆమే తీసుకొని సూసింది. ఒక్కటీ కొనలేదు. దాన్ని మీరు వ్యామోహం అంటే అనుకోండి. నేను అనను. అంగడి ఉండల్ల. మాకు స్టూలు ఉండల్ల. నా కథ అంతే."

"అది చిన్న విషయం కదమ్మా," అన్నారాయన.

అప్పుడు వెనుక నుంచి ఎమ్మిగనూరు అమ్మాయి, కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది.

"సార్, మా ఇంట్లో మగ్గముండాది. దాని కింద గుంతలో కాళ్లు పెట్టుకొని పొద్దంతా కూసుంటే నడుము పోతాది. అంగట్లో పొద్దంతా నిలబడితే కాళ్లు పోతాయి. మగ్గానికి తిరిగి పొమ్మంటాండారే, మీరు ఎప్పుడన్నా గుంతలో దిగినారా?"

ఆయన చెడ్డమనిషి కాదు. కళ్లద్దాలు తుడుచుకొని, "దిగలేదమ్మా," అన్నారు. నేను ముగింపు మార్చలేదు.

వారం తిరక్కుండానే అంగట్లో సంగతి తెలిసింది. మేనేజరు తన గదిలోకి పిలిచాడు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. ఫోన్‌లో నా కథ పేజీ ఫొటో ఉంది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి పెట్టాడు. ఆ కథలో రాసినవన్నీ అబద్ధాలని, మా సంస్థకు క్షమాపణ చెబుతున్నానని అందులో ఉంది.

"సంతకం పెట్టు. విషయం ఇక్కడితో వదిలేద్దాం," అన్నాడు.

"సార్, అది కథ. కథలో అంగడికి పేరు లేదు. అది మన అంగడేనని మీరెట్ల గుర్తుపట్టినారు?"

ఆయన ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"తెలివితేటలు చూపించొద్దు. అది మన అంగడేనని అందరికీ తెలుసు."

"మనది కాకపోతే నేను క్షమాపణ సెప్పే పని లేదు. మనదే అయితే అబద్దమని సంతకం ఎట్ల పెడతా?"

"రేపటిదాకా టైం ఇస్తున్నా. ఆలోచించుకో."

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. భయపడతాడనుకున్నాను. భయపడ్డాడు కూడా. కొంచెం సేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు.

"సంతకం పెడితే పని ఉంటాది, పెట్టకుంటే పోతాది, అంతేనా?"

"అంతే."

"నువ్వు రాసింది నిజమేనా?"

"నిజమే నాయనా."

"మల్లేంటికి నన్ను అడుగుతావు?"

ఆ రాత్రి నాకు ఒక్కటే ఆలోచన. కథలో అమ్మాయి చేసిన పని నేను చేయకపోతే, ఆ కాగితంలో ఉన్నట్టు నా కథ నిజంగానే అబద్ధమైపోతుంది. అధ్యక్షుల వారి మాటకు ఎదురు చెప్పడం ఒక ఎత్తు. ఇది ఇంకో ఎత్తు. తెల్లారి మా ఇంట్లోని నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు చంకలో పెట్టుకొని బయల్దేరాను. ముఖద్వారం దగ్గర కాపలా ఆయన ఆపాడు.

"ఏందిది పాపా?"

"స్టూలన్నా."

"యాల?"

"కూసోనీకి."

సంచులు వెతకమని ఆయనకు చెప్పారు. స్టూళ్ల గురించి ఏమీ చెప్పలేదు. కాసేపు తల గోక్కొని, "పో," అన్నాడు.

రెండో అంతస్తులో చీరల వరస పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఎవరైనా కొనేవాళ్లు వస్తే లేచి చీరలు చూపించి, వాళ్లు వెళ్లాక మళ్లీ కూర్చున్నాను. పదకొండింటికి మేనేజరు వచ్చాడు. సంతకం పెట్టనని చెప్పాను. మనిషిని పిలిచి స్టూలు తీయించేశాడు. నేను నేల మీద కూర్చున్నాను, కాళ్లు చాపి, సూది వెతుకుతున్న నెపం కూడా లేకుండా.

"లే," అన్నాడు.

"కొనేవాళ్లు వస్తే లేస్తా సార్."

అప్పుడే మాధవరం వైపు నుంచి పెళ్లిబట్టలకు వచ్చిన ఒక పెద్దామె మెట్లెక్కి వచ్చింది. వెంట నలుగురు ఆడవాళ్లు. ఏం జరుగుతోందని అడిగింది. మేనేజరు ఏమీ లేదన్నాడు. నేను చెప్పాను. ఆమె మా ఇద్దరినీ చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకొని నా ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"నాకూ కాళ్లు గుంజుతాండాయి. ఈడే ఏయి పాపా సీరలు. కూసోని సూస్తాం." మేనేజరు వైపు తిరిగి, "ఆ పాప కూసుంటే నీ సీరలకు ఏమైతాదప్పా?" అంది.

పెళ్లిబేరం పోగొట్టుకోవడం మేనేజరుకు ఇష్టం లేదు. ఆ నలుగురూ కూర్చున్నారు. వాళ్లకు చీరలు అందించడానికి వచ్చిన మా వాళ్లు ఇద్దరు కూడా కూర్చున్నారు. పెళ్లివాళ్లు వెళ్లిపోయాక ఆ ఇద్దరూ లేవలేదు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు చేరి మేం ఐదుగురం అయ్యాం.

మరునాడు నన్ను లోపలికి రానివ్వలేదు. నా ఒక్కదాన్నే. కాపలా ఆయన నా ముఖం చూడకుండా, "నీకు లేదంట పాపా," అన్నాడు. స్టూలు మాత్రం వెనక్కి తెచ్చి ఇచ్చాడు. దాన్ని పట్టుకొని బజారు మధ్యలోంచి ఇంటికి నడిచాను. ఏడుపు రాలేదని చెప్పను. మార్కెట్ మలుపు దాటాక వచ్చింది.

నాతోపాటు కూర్చున్న మిగతా నలుగురూ మాత్రం ఆపలేదు. ఒకరి తర్వాత ఒకరు, ఖాళీ దొరికినప్పుడల్లా నేల మీద కూర్చుంటూనే వచ్చారు. రంజాన్ ముందర అంగడి నిండా జనం. ఆ సమయంలో నలుగురినీ తీసేసి కొత్తవాళ్లకు పని నేర్పించడం ఆయనకు కుదరలేదు. పండగకు పది రోజుల ముందు ఒక్కో అంతస్తుకు నాలుగు స్టూళ్లు వచ్చాయని వాళ్లే ఫోన్ చేసి చెప్పారు. కొనేవాళ్లు లేనప్పుడే కూర్చోవాలని గోడకు కాగితం అంటించారట. మేం అడిగిందీ అదే.

నన్ను మళ్లీ పిలవలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక చిన్న ఫ్యాన్సీ అంగట్లో పనిచేస్తున్నాను. జీతం తక్కువే, కానీ కుర్చీ ఉంది.

ఎమ్మిగనూరు అమ్మాయికి ఆడబిడ్డ పుట్టింది. నెల దాటాక చూడ్డానికి వెళ్లాను. లోపల భర్త మగ్గం చప్పుడు వినిపిస్తోంది. స్టూళ్ల సంగతి చెప్పాను. అప్పటికే ఆమెకు తెలుసు.

"బిడ్డకు ఐదో నెల రానీ అక్కా, మల్లా ఆ అంగడికే పోతా," అంది. "నీకేం కోపం ల్యా గదా?"

లేదన్నాను. కొంచెం ఉంది. నా చోటులో ఆమె కూర్చుంటుందని కాదు, నేను లేకుండా ఆ అద్దాల వెలుతురులో ఉంటుందని. అది కూడా ఆమెకు చెప్పేశాను. ఆమె బిడ్డను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఇంకేమన్నా రాస్తాండావా?"

"రాస్తాండా."

"దేని గురించి?"

"మూడు అంతస్తుల పనోళ్లందరికీ ఉండేది ఒకటే మరుగుదొడ్డి గదా. దాని గురించి."

"అది గూడా కథేనా?" అంది.

"సదివినాక సెప్పు," అన్నాను. సంచిలోంచి మొదటి రెండు పేజీలు తీసి, ఆమె బిడ్డను ఎత్తుకొని ఉంది కాబట్టి నేనే చదవడం మొదలుపెట్టాను.